రెండు వీధుల అవతల భూగర్భ జలంలో డ్రై క్లీనింగ్ సాల్వెంట్, శుభ్రం చేయడానికి నానో ఇనుము: ఇల్లు కొనొచ్చా?

మీరు అడిగింది ఇది: న్యూజెర్సీలో ఇల్లు చూశారు, నచ్చింది. రెండు వీధుల అవతల ఒకప్పటి డ్రై క్లీనింగ్ షాపు వల్ల భూగర్భ జలంలో పీసీఈ అనే సాల్వెంట్ (మురికిని కరిగించే ద్రవం) కలిసిందని, దాన్ని పోగొట్టడానికి నానో ఇనుము, అంటే కంటికి కనిపించనంత సన్నని ఇనుప పొడి, భూమిలోకి ఎక్కిస్తారని తెలిసింది. అది నిజంగా పని చేస్తుందా, ఆ నానో పొడి వల్ల మనకేమైనా ప్రమాదమా, ఇల్లు కొనొచ్చా? చివర్లో ఇంకో మాట కూడా అడిగారు: ఇంత మంచి పద్ధతి ఉంటే ఫ్యాక్టరీల వ్యర్థాలతో నీళ్లు పాడైన మన పటాన్‌చెరులో ఎందుకు వాడరు అని.

నేను పదకొండేళ్లుగా న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో ఇదే పని చేస్తున్నాను. బోర్లు వేయించడం, నీళ్ల శాంపిళ్లు తీయడం, భూమిలోకి మందులు ఎక్కించడం. మాది సంగారెడ్డి దగ్గర ఊరు కాబట్టి పటాన్‌చెరు సంగతి కూడా నాకు పరాయిది కాదు. నానో ఇనుము పనిలో మూడు సైట్లలో దగ్గరుండి పాల్గొన్నాను. ఒకచోట చాలా బాగా పని చేసింది. మిగతా రెండు చోట్లా నేర్చుకున్నదే ఎక్కువ.

ముందుగా ఒక్క ముక్కలో చెప్తాను. ఇనుము సాల్వెంట్‌ను తాకితే దాన్ని నాశనం చేస్తుంది, అందులో అనుమానం లేదు. తాకేలా చేయడమే కష్టం. మీ ఇంటి విషయానికొస్తే, ఇనుము కన్నా ఆ ఇంటి పునాది కింద ఉన్న గాలి గురించి ఎక్కువ అడగాలి. ఎందుకో కింద చెప్తాను.

పీసీఈ, టీసీఈ రెండూ క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు. పీసీఈతో బట్టలు ఉతికేవారు, టీసీఈతో యంత్రాల మీది గ్రీజు వదిలించేవారు. రెండూ నీళ్ల కన్నా బరువు. పెట్రోలు లీకైతే నీటిమట్టం మీద తేలుతుంది. ఇవి అలా కాదు, నీళ్లను దాటుకుని కిందికి దిగిపోతాయి. బంకమట్టి పొర అడ్డు తగిలేదాకా దిగి, దాని మీద గుంటలు గుంటలుగా నిలబడి, అక్కణ్ణుంచి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా నీళ్లలో కరుగుతూ ఉంటాయి. ఎంత తక్కువైనా సమస్యే. పీసీఈ ఒక్క చుక్క సుమారు 80 మిల్లీగ్రాములు ఉంటుంది. న్యూజెర్సీలో తాగునీటికి పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రాము. అంటే ఆ ఒక్క చుక్క 80,000 లీటర్ల నీళ్లను పరిమితి దాకా తెస్తుంది. మన లెక్కలో 5,000 లీటర్ల ట్యాంకర్లు పదహారు. అమెరికా మొత్తానికి ఉన్న పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు, న్యూజెర్సీ అంతకన్నా కఠినంగా ఉంది.

పాత పద్ధతి ఏమిటంటే ఆ నీళ్లను పైకి తోడి, శుభ్రం చేసి వదలడం. కింద గుంటలో సాల్వెంట్ ఉన్నంతకాలం మోటారు తిరుగుతూనే ఉండాలి. ఇరవై, ముప్పై ఏళ్లుగా అలా తోడుతూనే ఉన్న సైట్లు నేను చూశాను.

ఇనుము సంగతి బయటపడిన తీరు నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. 1980లలో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో నీళ్ల శాంపిళ్లు తీయడానికి ఏ పదార్థంతో చేసిన గొట్టాలు వాడితే మంచిదో పరీక్షిస్తున్నారు. కొన్ని లోహాలు తగిలిన నీళ్లలో క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు తగ్గిపోతూ కనిపించాయి. శాంపిల్ పాడవుతోంది, ఈ లోహం వాడొద్దు అని రాసి వదిలేయొచ్చు. రాబర్ట్ గిల్హామ్ అలా వదిలేయలేదు. నీళ్లలోంచి సాల్వెంట్ పోతోందంటే మనకు కావాల్సింది అదే కదా అని పట్టుకున్నారు. 1991లో ఒంటారియోలోని బోర్డెన్ దగ్గర ఇసుకలో ఇనుప రజను కలిపి, భూగర్భ జలం పారే దారికి అడ్డంగా గోడలా పాతిపెట్టారు. ఐదేళ్ల పాటు దాని గుండా పారిన నీళ్లలో టీసీఈ దాదాపు 90 శాతం తగ్గింది. మోటారు లేదు, కరెంటు లేదు.

ఆ గోడలు ఇప్పటికీ కడుతున్నారు. కానీ గోడ పెట్టాలంటే కందకం తవ్వాలి. పైన భవనం ఉంటే? సాల్వెంట్ 60 అడుగుల లోతులో ఉంటే? అక్కడే నానో ఇనుము వచ్చింది. 1997లో లీహై విశ్వవిద్యాలయంలో వెయ్‌షియన్ జాంగ్, ఆయన సహచరుడు ఇనుమును 100 నానోమీటర్ల లోపు కణాలుగా తయారు చేసి టీసీఈ మీద ప్రయోగించారు. అలాంటి పొడి ఒక్క గ్రాము తీసుకుంటే దాని కణాల ఉపరితలం మొత్తం కలిపి 20, 30 చదరపు మీటర్లు, ఓ పెద్ద హాలు గచ్చంత. అంత చోటు ఉంది కాబట్టే అంత వేగంగా పని చేస్తుంది. దాన్ని మొదటిసారి నేలలోకి ఎక్కించి చూసింది మీరు ఇల్లు చూస్తున్న రాష్ట్రంలోనే, ట్రెంటన్‌లో ఒక ఫ్యాక్టరీ స్థలంలో. రెండు రోజుల్లో ఎక్కించింది రెండు కిలోల లోపు పొడి. టీసీఈ 96 శాతం దాకా తగ్గిందని 2001లో ప్రకటించారు. అందరిలో ఆశ పుట్టింది అప్పుడే.

ఇక ఇనుము లోపల ఏం చేస్తుందో చెప్తాను. మేము ఒక షాపింగ్ సముదాయం వెనకాల పని చేస్తున్నప్పుడు, నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని ఒక పెద్దావిడ కంచె దగ్గరికి వచ్చారు. కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండడానికి వచ్చారట, చీర మీద స్వెట్టరు వేసుకుని ఉన్నారు.

"ఏం నాయనా, భూమిలోకి ఆ నల్ల నీళ్లేంటి?" అన్నారు.

"ఇనుప పొడి కలిపిన నీళ్లమ్మా."

"ఇనుమైతే తుప్పు పట్టిపోదూ?"

"తుప్పు పట్టడానికే పోస్తున్నామమ్మా" అన్నాను.

ఆవిడ అడిగిన ప్రశ్నలోనే మొత్తం రసాయన శాస్త్రం ఉంది. తుప్పు పట్టడమంటే ఇనుము తన ఎలక్ట్రాన్లను వదులుకోవడం. పైన గాలిలో అయితే వాటిని ఆక్సిజన్ తీసుకుంటుంది. ముప్పై అడుగుల లోతున ఆక్సిజన్ అంతగా ఉండదు. అప్పుడు ఆ ఎలక్ట్రాన్లను క్లోరిన్ ఉన్న సాల్వెంట్ తీసుకుంటుంది, తీసుకోగానే దాని క్లోరిన్ ఊడిపోతుంది. ఊడిన క్లోరిన్ క్లోరైడ్‌గా మారి నీళ్లలో కలుస్తుంది, మన ఉప్పులో ఉండే క్లోరైడే అది. మిగిలేది ఎక్కువగా ఎథిలీన్, ఈథేన్. ఎథిలీన్ అంటే మామిడికాయలు మగ్గేటప్పుడు వాటిలోంచి వచ్చే వాయువే. విషం అలా కొన్ని వాయువులుగా, కాస్త ఉప్పుగా, కాస్త తుప్పుగా మారిపోతుంది. ఇది మొదటిసారి ల్యాబ్ రిపోర్టులో చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

కానీ అదే సైట్‌లో ఏం జరిగిందో కూడా చెప్పాలి. ఆ షాపింగ్ సముదాయం వెనక ఉన్నది పాత లోహపు పనుల వర్క్‌షాపు స్థలం, టీసీఈ సమస్య. ఇనుము డ్రమ్ముల్లో ముద్దగా వస్తుంది, ఎందుకంటే ఎండిన నానో ఇనుముకి గాలి తగిలితే నిప్పంటుకుంటుంది. మూత తిప్పితే సోడా బుడ్డి తీసినట్టు చుస్సుమంది. అది హైడ్రోజన్, ఇనుము నీళ్లతో కూడా చర్య జరుపుతుంది కదా. లోపల కాటుకలా నల్లగా ఉంది. ఆ ముద్దని, నైట్రోజన్ పోనిచ్చి ఆక్సిజన్ తీసేసిన నీళ్లలో కలిపి, సన్నని ఉక్కు గొట్టాల గుండా 25 అడుగుల కిందికి పంపుతో తోస్తాం. నా గ్లౌజు మీద పడిన నల్లటి మరక మధ్యాహ్నం భోజనానికి కూర్చునేసరికి ఇటుక రంగులోకి తిరిగింది. అంటే బయట గాలిలో దాని ఆయుష్షు కొన్ని గంటలే.

ఇనుము ఎక్కించే మూడో పాయింట్‌లో ఉండగా పీడనం చూపించే ముల్లు ఒక్కసారిగా పడిపోయింది. మా డ్రిల్లర్ పంపు ఆపేసి చుట్టూ చూశాడు. పన్నెండు అడుగుల అవతల, పార్కింగ్ తారులో ఉన్న పాత పగులులోంచి నల్లటి నీళ్లు ఉబుకుతున్నాయి. సాల్వెంట్ ఉన్న వైపు వెళ్లాల్సిన ఇనుము, ఎప్పుడో పైపు కోసం తవ్వి పూడ్చిన వదులు మట్టిలో దారి దొరికి పైకి వచ్చేసింది. దాన్ని వ్యాక్యూమ్ పెట్టి ఎత్తాం, వేగం తగ్గించి, వేరే పాయింట్లకు మారి పని పూర్తి చేశాం. ఆ పగులు ముందు నుంచి అక్కడే ఉంది. పాత పైపుల డ్రాయింగులు ముందే అడిగి చూడాల్సింది, ఆ బాధ్యత నాదే. భూమిలో ఏ ద్రవమైనా సులువుగా ఉన్న దారినే వెళ్తుందని పుస్తకంలో చదివాను కానీ, నాకు ఒంటబట్టింది మాత్రం ఆ రోజే.

మర్నాడు పొద్దున పక్కనున్న మానిటరింగ్ బోరులో, అంటే నీళ్లు పరీక్షించడానికే వేసిన బోరులో, మీటరు దించాం. నీళ్లలో ఎలక్ట్రాన్లు ఎంత అందుబాటులో ఉన్నాయో చెప్పే ఓఆర్‌పీ రీడింగ్ ప్లస్‌లో ఉన్నది మైనస్ 400 మిల్లీవోల్టుల కిందికి దిగిపోయింది. పీహెచ్ పెరిగింది. మంచి సూచనలే. ఆరు వారాలకు టీసీఈ పదో వంతుకు పడిపోయింది. అందరం చాలా సంబరపడ్డాం. ఏడాది దాటాక తీసిన శాంపిల్‌లో మొదట్లో ఉన్నదానిలో దాదాపు సగానికి మళ్లీ పెరిగింది.

కారణం ఏమిటంటే, చేపల పులుసు వండిన మట్టి కుండను మీరు ఎంత తోమి ఆరబెట్టినా, మర్నాడు అందులో నీళ్లు పోస్తే మళ్లీ ఆ వాసన వస్తుంది. పులుసు కుండ గోడల్లోకి ఇంకి ఉంటుంది. సాల్వెంట్ కూడా దశాబ్దాల పాటు బంకమట్టి పొరలోకి అలాగే ఇంకింది. మేము ఎక్కించిన ఇనుము ఇసుక పొరలోని నీళ్లను శుభ్రం చేసింది, బంకమట్టిలోకి వెళ్లలేదు. కొన్ని నెలల్లో ఇనుము శక్తి అయిపోయింది, మట్టిలోంచి సాల్వెంట్ మెల్లగా ఊరడం మొదలైంది. లెక్క ప్రకారం కిలో టీసీఈని ఈథేన్ దాకా విరగ్గొట్టడానికి కిలోముప్పావు ఇనుము కూడా అక్కర్లేదు. నేలలో మాత్రం నీళ్లు, ఆక్సిజన్, నైట్రేట్ అన్నీ ఆ ఇనుము మీదే పడతాయి, కాబట్టి అంతకు ఎన్నో రెట్లు కావాలి. పైగా నానో కణాలు అయస్కాంతాల్లా ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలు కట్టేస్తాయి. పై పూత ఏమీ లేకపోతే ఎక్కించిన చోటు నుంచి మీటరు దూరం వెళ్లడమే గొప్ప.

ఈ చిక్కుని ఎక్కువ తెలివిగా పట్టుకున్నవాళ్లు నాకు తెలిసి నాసా వాళ్లు. ఫ్లోరిడాలోని కేప్ కెనావెరల్‌లో 34వ లాంచ్ కాంప్లెక్స్ ఉంది, 1967లో అపోలో 1 అగ్నిప్రమాదంలో ముగ్గురు వ్యోమగాములు చనిపోయిన చోటు. 1960లలో అక్కడ రాకెట్ ఇంజన్ భాగాలు టీసీఈతో కడిగేవారు, అది నేలలోకి పోయింది. జాక్వెలిన్ క్విన్, సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం రసాయన శాస్త్రవేత్తలు కలిసి ఇనుప కణాలు ఉన్న నీటి బిందువుల చుట్టూ వంటనూనె పొర ఉండేలా ఎమల్షన్ చేశారు. సాల్వెంట్‌కు నీళ్ల కన్నా నూనె అంటే ఇష్టం. అది తనంతట తానే నూనె పొరలోకి వచ్చి, లోపలి ఇనుముకి దొరికిపోతుంది. 2002లో చేసిన ప్రయోగంలో 90 రోజుల్లోపే ఆరు చోట్లలో నాలుగింట మట్టిలోని టీసీఈ 80 శాతానికి పైగా తగ్గింది. మిగిలిన నూనె తర్వాత మంచి బ్యాక్టీరియాకు ఆహారం అవుతుంది.

ఇప్పుడు నేను చేసే సైట్లలో వట్టి నానో ఇనుము అరుదు. ఐస్‌క్రీముల్లో చిక్కదనానికి కలిపే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ పూత పూసిన ఇనుము, లేదా గంధకం పూత ఉన్న ఇనుము, లేదా కొంచెం పెద్ద మైక్రో కణాలు వాడతారు. దాంతోపాటు సాల్వెంట్‌ను తినే బ్యాక్టీరియాను కూడా పెంచుతారు. నా అభిప్రాయంలో ఈ కలగలుపు పద్ధతే సరైనది. ఇందులో ఒక్క జాగ్రత్త ఉంది. బ్యాక్టీరియా పని మధ్యలో ఆగిపోతే వినైల్ క్లోరైడ్ పోగవుతుంది, అది పీసీఈ కన్నా చెడ్డది. మీకు చూపించే రిపోర్టులో పీసీఈ తగ్గిందని మాత్రమే ఉంటే చాలదు. వినైల్ క్లోరైడ్, ఎథిలీన్, ఈథేన్ అంకెలు కూడా ఉన్నాయా అని చూడండి. ఎథిలీన్, ఈథేన్ కనిపిస్తున్నాయంటే సాల్వెంట్ నిజంగా విరుగుతోందన్నమాట.

నానో పొడి మీ ఇంటి దాకా వస్తుందేమోనన్న భయం అక్కర్లేదు. ఎక్కువ దూరం పోకపోవడమే దాని లోపం అని ఇంతసేపూ చెప్పాను కదా. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో అది మామూలు ఇనుప ఆక్సైడ్‌గా, అంటే మట్టిలో ముందే ఉన్న పదార్థంగా మారిపోతుంది. అయినా అందరూ కళ్లు మూసుకుని ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో రాయల్ సొసైటీ, రాయల్ అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్ 2004లో ఇచ్చిన నివేదిక, సరైన పరిశోధన జరిగేదాకా నానో కణాలను ఇలా నేలలోకి వదలడం ఆపాలని చెప్పింది. ఎక్కువ మోతాదులో నేల బ్యాక్టీరియాను దెబ్బతీస్తుందని ల్యాబుల్లో చూశారు కూడా. ఎక్కించే చోట పనివాళ్లకు జాగ్రత్తలు కావాలి, ఆ చుట్టుపక్కల బోరు నీళ్లు తాగకూడదు. రెండు వీధుల అవతల ఉన్న ఇంటికి మాత్రం ఇనుముతో పేచీ లేదు.

పటాన్‌చెరు సంగతి చెప్పాలంటే నాకు మనసు బరువెక్కుతుంది. నక్కవాగు పక్క పొలాలున్న చుట్టాలు మాకు ఉన్నారు. కానీ నానో ఇనుము అక్కడికి సరిపడే మందు కాదు. అక్కడి కాలుష్యం ఒక్క సాల్వెంట్ కాదు, నీళ్లలో కరిగిన లవణాలు విపరీతం, వాటిని ఇనుము ఏమీ చేయలేదు. మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో రాశారు. కింద నేల కూడా వేరు. ట్రెంటన్, ఫ్లోరిడాల్లోలా ఇసుక కాదు, గ్రానైటు రాయి, అందులో పగుళ్లు. ఎక్కించిన ఇనుము మా పార్కింగ్ పగులులో చేసినట్టే ఒకే సందు పట్టుకుని పోతుంది. అన్నిటికన్నా ముందు, పైనుంచి వ్యర్థాలు దిగడం ఆగాలి. కుళాయి కారుతుండగా నేల తుడిచి ఏం లాభం? మన దేశంలో ఇనుము బాగా పనికొచ్చేది తోళ్ల పరిశ్రమల, క్రోమియం రసాయనాల వల్ల పాడైన కాన్పూర్, రాణిపేట లాంటి చోట్ల అని నా అంచనా. విషపూరితమైన హెక్సావాలెంట్ క్రోమియంను ఇనుము నీళ్లలో కరగని రూపంలోకి మార్చగలదు.

లోహ నానో కణాల పనిలో మనవాళ్లు వెనకబడి లేరు. ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్ టి. ప్రదీప్ బృందం వెండి, బంగారు నానో కణాలు కార్బన్ టెట్రాక్లోరైడ్ లాంటి సాల్వెంట్లను విరగ్గొడతాయని 2003లోనే చూపించింది. దాన్నుంచే పురుగుమందులు తీసేసే ఇంటి ఫిల్టర్ వచ్చింది. ఫిల్టర్‌లో నీళ్లే లోహం దగ్గరికి వస్తాయి. నేలలో లోహం నీళ్ల దగ్గరికి వెళ్లాలి. కష్టమంతా అక్కడే ఉంది.

ఇప్పుడు మీ ఇల్లు. మున్సిపాలిటీ నీళ్లే వస్తుంటే తాగేదాని గురించి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. సొంత బోరు ఉంటే మాత్రం, న్యూజెర్సీలో ఇల్లు అమ్మేటప్పుడు ఆ నీళ్లు పరీక్ష చేయించాలని చట్టమే ఉంది. ఆ రిపోర్టు మీరే చదవండి, ఏజెంటు నోటిమాట మీద వదిలేయకండి. అసలు చూడాల్సింది ఆవిరి. పీసీఈ నీళ్లలోంచి ఆవిరై, మట్టి గుండా పైకొచ్చి, బేస్‌మెంట్ పగుళ్లలోంచి ఇంట్లోకి దూరుతుంది. వాసన తెలియనంత తక్కువ మోతాదైనా, చంటిపిల్లలు ఏళ్ల తరబడి పీల్చకూడదు. ఇలాంటి కలుషిత జలానికి 100 అడుగుల లోపు ఉన్న భవనాల కింద పరిశీలన జరగాలని ఇక్కడి నిబంధన. మీ ఇల్లు ఆ కలుషిత జలం హద్దుకి ఎంత దూరంలో ఉందో రాష్ట్ర పర్యావరణ శాఖ వాళ్ల జియోవెబ్ మ్యాపులో కనిపిస్తుంది. ఆ హద్దులు అందులో గీసి ఉంటాయి. ప్రతి సైట్‌కూ లైసెన్సు ఉన్న ఒక నిపుణుడు బాధ్యుడిగా ఉంటాడు. ఆయన పేరు అదే శాఖ వెబ్‌సైట్‌లోని డేటామైనర్‌లో దొరుకుతుంది, ఫోన్ చేసి అడగండి, చాలామంది ఓపిగ్గా చెప్తారు. ఇనుము ఎక్కించాక కనీసం రెండేళ్ల శాంపిళ్లు చూస్తారా, మీ వీధి వైపు మానిటరింగ్ బోరు ఉందా, బంకమట్టి పొరలో ఎంత సాల్వెంట్ ఉందో కొలిచారా అని అడగండి. ఆరు వారాల గ్రాఫు మాత్రమే చూపిస్తే నమ్మకండి, మా గ్రాఫు కూడా ఆరు వారాలకు అద్భుతంగానే ఉండింది.

ఇల్లు ఆ హద్దుకి బయట ఉండి, భూగర్భ జలం మీ వైపు కాకుండా అవతలికి పారుతుంటే నేనైతే కొనేస్తాను. హద్దుకి దగ్గరగా ఉంటే, ఈసారి చూడ్డానికి వెళ్లినప్పుడు బేస్‌మెంట్ గచ్చులోంచి పైకప్పు దాకా తెల్ల పీవీసీ పైపు, దానికో చిన్న ఫ్యాను ఉన్నాయేమో చూడండి. నేలలోంచి వచ్చే రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు కోసం పెట్టే ఆ ఏర్పాటే సాల్వెంట్ ఆవిరిని కూడా గచ్చు కింద నుంచే లాగి బయటికి పంపేస్తుంది. లేకపోతే బేరంలో భాగంగా గచ్చు కింది గాలి పరీక్ష అడగండి. రిపోర్టులు చేతికొచ్చాక అంకెలు ఇక్కడ పెడితే నేను చూసి చెప్తాను.